టీముకు ఒక్క గెస్టే

మా బావ పోయిన వార్త నాకు ఇంట్లోవాళ్లు చెప్పలేదు. చర్ల బస్సులో ఒక ప్యాసింజర్ చెప్పాడు. నేను భద్రాచలం డిపోలో కండక్టర్ని. ఆ రోజు పొద్దున ట్రిప్పు నాది. ఆ దారిలో సగం దూరం ఫోన్లకు సిగ్నల్ ఉండదు. దుమ్ముగూడెం దగ్గర కాసేపు తగిలినట్టుంది, వెనక సీట్లో కూర్చున్నతను టికెట్ తీసుకుంటూ, "అన్నా, నల్లపులి పోయిండట, చూసినవా?" అని ఫోను నా ముఖం మీదికి జరిపాడు. ఎవరిదో వాట్సాప్ స్టేటస్. గ్రౌండ్లలో జనం నల్లపులి అని అరిచేది మా అక్క భర్తనే.

ఆ స్టేటస్‌లో ఉన్న ఫోటో మా బావది కాదు. ఇంకెవరో నల్లజాతి ఆటగాడు. పేరుమోసిన విదేశీ క్లబ్బు జెర్సీ వేసుకుని, చెవికి పోగు పెట్టుకుని నవ్వుతున్నాడు. "ఈన కాదు" అన్నాను. అతను ఫోను దగ్గరికి తీసుకుని మళ్లీ చూసి, "ఈయనే అన్నా, నేను మస్తు మ్యాచులు చూసిన" అని నాకే చెప్పాడు. నాకు కొంచెం ఆశ పుట్టింది. ఫోటో తప్పయితే వార్త కూడా తప్పే అయి ఉంటుందనుకున్నాను. చర్ల బస్టాండులో దిగేసరికి అక్క చేసిన ఫోన్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి.

ఆ రోజంతా మణుగూరు నుంచి పినపాక దాకా ఆ తప్పు ఫోటోనే తిరిగింది. దాని కింద పూలు, కన్నీళ్లు, చేతులు జోడించిన బొమ్మలు. ఇన్నేళ్లు మన మధ్య తిరిగి, మన హోటళ్లలో చాయ్ తాగిన మనిషి ముఖం మనకు గుర్తు లేదు, రంగు ఒక్కటే గుర్తుంది. తీసేయమని మా అక్క ఎవరికీ ఫోన్ చేయలేదు. నేను చేశాను. ఇద్దరు తీశారు, ఒకడు "ఫీలింగ్ ఒక్కటే కదా భాయ్" అన్నాడు.

మీలో చాలామంది ఆయన ఆట చూసే ఉంటారు. ఆటోల వెనక ఆయన బొమ్మ ఉండేది. మణుగూరులో ఒక కటింగ్ షాపువాడు ఆయన తలకట్టు పేరు చెప్పుకునే బతికాడు. గనుల ఊళ్లలో ఏ ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టినా "నల్లపులి వస్తున్నాడు" అని ఆటోకు మైకు కట్టి చెప్తే చాలు, గోడల మీద, చెట్ల మీద, లారీ టాపుల మీద జనం. అదంతా మీకు తెలిసిందే. మిగతాది రాద్దామని కూర్చున్నాను.

ఆయనది పడమటి ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్. సముద్రం ఒడ్డున రేవు పట్నం. తండ్రి ఓడల దగ్గర మూటలు మోసేవాడు. అక్కడ ఒక చిన్న క్లబ్బులో జీతానికి ఆడుతుండగా ఏజెంటొకడు కలిశాడు. ఇండియాలో పెద్ద క్లబ్బు ఎదురుచూస్తోందని చెప్పి కలకత్తాలో దించాడు. ఎదురుచూసినవాళ్లెవరూ లేరు. ట్రయల్స్‌లో నచ్చాడన్నారు, మళ్లీ పిలుస్తామన్నారు, ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. అక్కడి నుంచి కేరళలో వరిమళ్లలో లైట్లు కట్టి ఆడించే పోటీలు, తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత మన బొగ్గు ఊళ్లు. మణుగూరులో ఒక కాంట్రాక్టరుకు సొంత టీము ఉండేది. మన టోర్నమెంట్లలో ఒక రూలుంది, ఆడేవాళ్లంతా లోకల్ వాళ్లే ఉండాలి, బయటివాణ్ని ఒక్కణ్నే తెచ్చుకోవచ్చు. అతన్ని గెస్ట్ ప్లేయర్ అంటారు. కాంట్రాక్టరు ఆ గెస్టుగా మా బావను తెచ్చాడు.

రెండు సీజన్లు దేవుణ్ని చూసినట్టు చూశారు. మూడో సీజన్లో ఫైనల్ ముందు మోకాలు వాచింది. గోల్‌పోస్టు వెనక నిలబెట్టి ఒక ఆర్ఎంపీ డాక్టరు చేత సూది పొడిపించి గ్రౌండ్లోకి తోశారు. గెలిపించాడు కూడా. కాంట్రాక్టరు ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగాడు. మర్నాడు బావ కాలు కింద పెట్టలేకపోయాడు. ఆ మర్నాటి నుంచి కాంట్రాక్టరు ఆయన్ని ఉంచిన లాడ్జి వైపు రాలేదు.

మేము దూదేకుల వాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా నాయనకు మణుగూరులో పరుపుల దుకాణం. లాడ్జిలో పనిచేసే మనిషి ఒకరోజు కుంటుతున్న మా బావను వెంటబెట్టుకుని, మోకాలి కింద పెట్టుకోవడానికి దిండు కావాలని వచ్చాడు. నాయన ఆ మోకాలు చూశాడు. "గీ వాపు దిండుతోని పోయేది కాదు బిడ్డా" అన్నాడు. తెలుగు రాని మనిషికి తెలుగులోనే చెప్పి, దూది తెచ్చే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి ఇంటికి తీసుకొచ్చాడు. దూది గదిలో పక్క వేశారు. ఇండియాకు వచ్చాక తను నిండా నిద్రపోయింది ఆ దూది మీదనే అని బావ తర్వాత చాలాసార్లు చెప్పేవాడు.

మా అక్క ఆ దుకాణంలోనే దిండ్లకు గలీబులు కుట్టేది. ఎట్లా మొదలైందో నాకు తెలియదు, నేనప్పుడు ఖమ్మంలో చదువుకుంటున్నాను. నేను సెలవులకు వచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. "గంత దూరపోడు. రేపు లేచిపోతే ఏడ వెతకాలె?" అంటోంది. నాయన దూది విదిలిస్తూ, "కాలే నడవనోడు ఏడికి లేచిపోతడే?" అన్నాడు. అంతే, నిఖా అయిపోయింది.

పెళ్లయ్యాక దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. దూది ఏకేటప్పుడు ఆ నల్లటి జుట్టు నిండా తెల్లటి పీచు. "జల్దీ ముసలోడివైనవ్ బావా" అని ఏడిపిస్తే, "మీ అక్క చేసింది బామ్మర్దీ" అనేవాడు. మా తెలుగే నేర్చుకున్నాడు, మా యాసతో సహా. దుకాణానికి జనం తెగ వచ్చేవారు. దిండు కొనడానికి కాదు, చూడడానికి. ఒకామె చంటిపిల్లాణ్ని ఆయన చేతికిచ్చి ఫోటో తీసుకుని, తిరిగి తీసుకున్నాక కొంగుతో పిల్లాడి బుగ్గ తుడిచింది. ఆయన ముందే. రంగు అంటుతుందేమోనని చెయ్యి రుద్ది చూసినవాళ్లకు లెక్కే లేదు. బావ ఓపిగ్గా చెయ్యి చాపి, "రుద్దు తమ్మి, ఇంకొంచెం గట్టిగ. గ్యారంటీ కలర్" అనేవాడు.

నేనైతే కొట్టేవాణ్ని. ఆయన కొట్టలేదు, ఒక్కరోజూ కొట్టలేదు. ఆ ఓపిక చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చేది.

గోల్ కొడితే నల్లపులి. కొట్టకపోతే అదే గోడల మీద నుంచి అవే గొంతులు కోతికూతలు కూసేవి. ఒకసారి పెనాల్టీ తప్పిపోతే అరటితొక్కలు విసిరారు. మ్యాచ్ అయ్యాక ఆ విసిరినవాళ్లలోనే ముగ్గురు సెల్ఫీకి వచ్చారు. వాళ్ల భుజాల మీద చేతులు వేసి నవ్వుతూ నిలబడ్డాడు. ఆ ఫోటో వాళ్ల దగ్గర ఇప్పటికీ ఉండి ఉంటుంది. మొన్న స్టేటస్‌లో పెట్టుకోవడానికి కనీసం అదైనా పనికొచ్చేది.

ఆఫ్రికా అనగానే మనకు అడవే కదా. మా బావ అడవిని మొదటిసారి చూసింది మన చర్ల దారిలో, నా బస్సులో. కిటికీకి దూరంగా జరిగి కూర్చుని, "బామ్మర్దీ, గీ అడివిల పాములుంటయా?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. ఎవరో "మీ ఊర్ల సింహాలు తిరుగుతయి కదన్నా?" అన్నారు. "మా ఊర్ల ట్రాఫిక్ జామ్ తిరుగుతది" అన్నాడు. ఆఫ్రికాలో అన్నం తింటారా, ఆఫ్రికాలో చలి ఉంటుందా అని అడిగినవాళ్లకు ఆయన జవాబు ఒక్కటే ఉండేది, "ఆఫ్రికా అంటే ఏంది, మీ పినపాక మండలం అనుకున్నవా?"

ఆ ప్రయాణం చర్ల అవతల ఒక గూడెంలో క్యాంపు పోలీసులు పెట్టించిన మ్యాచ్‌కి. అక్కడ ఒక కోయ ముసలమ్మ మా బావకు గిన్నెలో జావ పోసి ఇచ్చి, ఇంత సన్నగా ఉన్నావేమని కోప్పడి, ఏ ఊరని అడిగింది. ఆయన తన పట్నం పేరు చెప్పాడు. "గోదారి అవతలనా?" అంది. "అవ్ అవ్వా, శానా అవతల" అన్నాడు. ఆమె తలూపి ఇంకాస్త జావ పోసింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ మాటే. "అందరూ నా దేశం అడుగుతరు బామ్మర్దీ. గీ ముసలమ్మ ఒక్కతే ఊరు అడిగింది" అన్నాడు. బతికినన్నాళ్లూ ఆ ముసలమ్మ సంగతి ఎవరో ఒకరికి చెప్తూనే ఉన్నాడు.

మ్యాచ్ ఉన్నరోజు అందరికంటే ముందు గ్రౌండ్‌కు పోయేవాడు. బూట్లు విప్పి, వట్టికాళ్లతో గ్రౌండంతా తిరుగుతూ రాళ్లు, సీసా పెంకులు ఏరి లుంగీలో వేసుకునేవాడు. గెలుపు ఓటములు పంచుకునేవాళ్లు తర్వాత వచ్చేవారు. "ముందు నేల చూడాలె, బాల్ తర్వాత" అనేవాడు. పిల్లలకు ఆట నేర్పినప్పుడూ మొదట అదే పని చెప్పేవాడు. తల్లిదండ్రులు కొందరు వచ్చి, మా పిల్లల్ని రాళ్లేరడానికి పంపామా అని దెబ్బలాడారు కూడా.

మా నాయన పక్షవాతంతో మంచం పట్టినప్పుడు నేను డ్యూటీ మీద ఉండేవాణ్ని. కొడుకును నేనే, కానీ నాయనకు స్నానం చేయించింది, మంచం మీద పక్కకు తిప్పింది, ఎత్తుకుని బయటికి తెచ్చి ఎండలో కూర్చోబెట్టింది ఆయన. నాయన మాట పడిపోయింది, కళ్లు మాత్రం ఆయన్నే వెతికేవి. ఆ రుణం తీర్చే దారి నాకు లేదు. ఇది ఇక్కడ రాసుకోవడం ఒక్కటే చేయగలను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మోకాలు బాగయ్యాక ఆయన పరుగు తగ్గింది, ఆట తగ్గలేదు. నిలబడిన చోటు నుంచే బంతిని ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపేవాడు. ఇంకా చాలా ఏళ్లు ఆడగలడు. కానీ టీముకు ఒక్క గెస్టే కదా. ఆ ఒక్క చోటును కుంటి మోకాలికి ఎవరిస్తారు? హైదరాబాదు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లను తెచ్చుకున్నారు. ఆయన ఆడాలంటే ఒకటే దారి, లోకల్ అనిపించుకోవాలి. పెళ్లాం ఇక్కడిది, పిల్లలు ఇక్కడ పుట్టారు, ఇల్లిక్కడ, దుకాణమిక్కడ. ఏటా టోర్నమెంట్ ముందు కమిటీ దగ్గరికి పోయి అదే అడిగేవాడు. ఆయన జీవితంలో మన ఊరిని అడిగింది అదొక్కటే.

ఒక ఏడాది నేనూ వెంట వెళ్లాను. హైస్కూలు గ్రౌండ్లో టెంటు కింద కమిటీ కూర్చుని ఉంది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆధార్ కార్డు తీసి ప్రెసిడెంటు ముందు పెట్టాడు. ప్రెసిడెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫోటోల మంచిగ వచ్చినవ్ అన్నా" అన్నాడు. పక్కవాడు తీసుకుని చూశాడు. అట్లా చేతులు మారుతూ టెంటంతా తిరిగి, అందరి నవ్వులూ అయ్యాక తిరిగి మా బావ చేతికి వచ్చింది.

"నువ్వు మా గెస్టువి అన్నా. గెస్టంటే తక్కువనా? నెత్తి మీద పెట్టుకుంటం" అన్నాడు ప్రెసిడెంటు.

"నెత్తి మీద వద్దు. టీంల పెట్టు" అన్నాడు బావ.

"గట్ల కాదన్నా. నిన్ను లోకల్ అన్నమనుకో, రేపు ప్రతి టీమోడు ఒక నల్లోన్ని పట్టుకొచ్చి ఈన మా బావ అంటడు. అప్పుడేం జేద్దాం?"

"నేనున్న కదా ఈడ. ఈన నిజంగనే మా బావ" అన్నాను. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఎవరో చాయ్ తెచ్చి ముందుగా మా బావకే ఇచ్చారు, గెస్టు కదా.

ఆడనివ్వలేదు కానీ వదిలిపెట్టనూ లేదు. టోర్నమెంట్ ఓపెనింగ్‌కి ఆయన ఉండాలి. లీడర్లు రిబ్బన్ కత్తిరిస్తే పక్కన నిలబడాలి, మొదటి కిక్ కొట్టాలి, శాలువా కప్పించుకోవాలి, దిగిపోవాలి. ఆ తర్వాత బయట గీత దగ్గర కూర్చుని, తనకంటే తక్కువ ఆడేవాళ్ల ఆట చూడాలి. ఇంటి నిండా శాలువాలు. మా అక్క వాటిని విప్పి గలీబులు కుట్టి పడేసింది. "సన్మానం మీద పండుకుంటే మెడ నొస్తున్నది" అని బావ నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

అంత జరిగినా ఆయనకు ఒక ధైర్యం మిగిలి ఉంది. అది మా మేనకోడలు. వాళ్ల పెద్దపిల్ల. నడక వచ్చిందో లేదో బంతి వెంట పడింది. తండ్రి రంగు, తండ్రి జుట్టు, నోరు మాత్రం అచ్చం మా అమ్మది. ఆడపిల్లల టీము మొదలుపెట్టి పొద్దున్నే నేర్పేవాడు. ఆ పిల్ల ఒకసారి బడిలో ఎవరో ఏదో అన్నారని ఏడుస్తూ వస్తే, నా ముందే చెప్పాడు, "నీకు నా లొల్లి లేదు బిడ్డా. నువ్వు ఈడ పుట్టినవ్. నీ తల్లిది ఈ ఊరే. నీ తాత ఖబరు ఈ మట్టిల ఉన్నది. నిన్ను ఎవడు గెస్టంటడు?" ఆ మాట ఆయన చాలాసార్లు అన్నాడు. తనకు దొరకనిది బిడ్డకు పుట్టుకతోనే దొరికిందని గట్టిగా నమ్మాడు. నేనూ నమ్మాను.

పోయిన రోజు కూడా పొద్దున్నే ఆ పిల్లలతోనే గ్రౌండ్లో ఉన్నాడు. ఛాతీ పట్టుకుని గోల్‌పోస్టుకు ఆనుకుని కూర్చున్నాడట. పిల్లలు ఆగితే, "ఉరుకుండ్రి, ఇంక రెండు రౌండ్లున్నయి" అన్నాడట. వాళ్లు పరుగెత్తారు. మా మేనకోడలు అందరికంటే ముందు పరుగెత్తింది. రెండు రౌండ్లూ పూర్తిచేసి వచ్చి చూసేసరికి ఆయన పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆటోలో ఒక దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు ఛాతీ మీద ఒత్తుతుంటే కిటికీ నిండా ఫోన్లు లేచాయి. మా అక్క మొగుడి దగ్గర నిలబడాల్సింది పోయి, చున్నీ విప్పి ఆ కిటికీకి అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఆయన చివరి ఊపిరి ఆమె చూడలేదు. అప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది.

ఖబరస్తాన్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. నిఖా రోజున నూటొక్క ప్రశ్నలు వేసిన జమాత్ పెద్దమనిషే, "వాళ్ల మామ పక్కన తవ్వుండ్రి" అన్నాడు. కమిటీ ప్రెసిడెంటు మట్టి వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. చచ్చిపోతే లోకల్ కావడం ఇంత సులువని మా బావకు ఎవరూ చెప్పలేదు.

నలభై రోజులు దాటాక ఆయన పేరు మీద స్మారక టోర్నమెంట్ పెట్టారు. గ్రౌండ్ ముందు పెద్ద ఫ్లెక్సీ. ఈసారి ఫోటో మా బావదే, అక్క ఇచ్చింది. కింద "మన ఊరి ముద్దుబిడ్డ" అని రాయించారు. ఫ్లెక్సీ షాపువాడు మా బావ ముఖాన్ని కొంచెం తెల్లగా చేశాడు. ఎందుకు చేశావని అడిగితే, "బ్రైట్‌గ మంచిగ కొడ్తది అన్నా, ఎక్స్‌ట్రా తీసుకోలే" అన్నాడు.

మొదటి రోజు ఆడపిల్లల మ్యాచ్. మా అక్కను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మా మేనకోడలు టీముతో లోపలికి వచ్చింది. వార్మప్ అయింది. మ్యాచ్ మొదలుపెట్టబోతుంటే అవతలి టీము మేనేజరు గీత దాటి వచ్చి చెయ్యెత్తాడు. రిఫరీ, ప్రెసిడెంటు అక్కడికి పోయారు. నేనూ పోయాను.

"వాళ్లకు హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్ల ఒక గెస్టు ఉన్నది సార్. ఈ పిల్ల రెండో గెస్టు. టీముకు ఒక్క గెస్టే కదా" అన్నాడు మేనేజరు.

"ఈ పిల్ల మణుగూరుల పుట్టింది. నా అక్క బిడ్డ" అన్నాను.

"గట్ల కాదన్నా, ఫీల్ గావద్దు. తండ్రి ఎప్పటికీ గెస్టుగనే ఆడిండు కదా. తండ్రి గెస్టయితే బిడ్డ లోకల్ ఎట్లయితది? రూల్ అందరికీ ఒక్కటే."

ఆ మనిషి కోపంగా కూడా అనలేదు. ఆఫ్‌సైడ్ గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. నేను ప్రెసిడెంటు వైపు చూశాను. ఫ్లెక్సీ ఆయన వెనకే ఉంది. ఆయన తల గోక్కుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "లొల్లి వద్దు భాయ్. ఇయ్యాల పెద్దాయన రోజు. హైదరాబాద్ పిల్లను కూర్చోబెడుదాం. మన బిడ్డను స్పెషల్ గెస్టుగ ఆడిద్దాం. ఇజ్జత్ గూడ ఉంటది." మేనేజరు ఒప్పుకున్నాడు. రిఫరీ ఒప్పుకున్నాడు. తను గొప్ప మేలు చేసినట్టు ప్రెసిడెంటు ముఖం వెలిగింది.

మేము మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల అక్కడే నిలబడి వింటోంది. "మామా, నాయన అబద్ధం చెప్పిండా?" అంది. పోనీ ఈ ఒక్క మ్యాచ్ ఆడమని ప్రెసిడెంటు బుజ్జగించాడు. "నేను గెస్టుగ ఆడను" అంది. అని, గ్రౌండ్ నడిమధ్యకు నడిచిపోయి, బంతి పెట్టిన చోట నేల మీద కూర్చుంది. రిఫరీ విజిల్ వేశాడు. లేవలేదు. మళ్లీ వేశాడు.

వేదిక మీద మైకు పట్టుకున్న మనిషికి ఈ గొడవేదీ తెలియదు. ఆయనకు కనిపించింది, తండ్రి పోయిన పిల్ల గ్రౌండ్ మధ్యలో ఒంటరిగా కూర్చోవడం. "చూడండి, ఆ చిట్టితల్లి తండ్రి కోసం ఎట్లా మౌనం పాటిస్తున్నదో! అందరూ లేచి నిలబడి ఆ మౌనంలో పాలుపంచుకోవాలని మనవి" అన్నాడు. సౌండ్ బాక్సుల్లో ఏదో ఏడుపు పాట పెట్టారు.

వేలమంది లేచారు. గోడల మీద కూర్చున్నవాళ్లు గోడల మీదే లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అవతలి టీము మేనేజరు టోపీ తీసేశాడు. వేదిక మీద మా అక్కను ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు, ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. అన్ని వైపుల నుంచీ ఫోన్లు ఆ పిల్ల మీదికి లేచాయి.

ఆ పిల్ల అరుస్తోంది. నేను గీత దగ్గరే ఉన్నాను, నాకు నోరు కనిపిస్తోంది. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తోంది, నేను లోకల్, నేను లోకల్ అని. సౌండ్ బాక్సుల ముందు ఆ గొంతు పక్కనున్న రిఫరీకి కూడా వినబడలేదు. పాట అయ్యేదాకా ఎవరూ కూర్చోలేదు.